ట్రావెలర్ బండిలో గ్యాస్ పెట్టె: పని నడిచిన తీరు

పాత ఫోర్స్ ట్రావెలర్‌ను రెండు పడకలు, చిన్న వంటగట్టు ఉన్న మోటార్‌హోంగా మార్చే పనిలో చెక్కపని, కరెంటు పని పూర్తయ్యాయి. మిగిలిన పెద్ద పని గ్యాస్. ఈ డైరీ ఆ ఒక్క పనికే పరిమితం. వెల్డింగు వరంగల్ ఆటోనగర్‌లో జరిగింది. మిగిలినదంతా హనుమకొండలో మా ఇంటి పక్కన ఖాళీ జాగాలో బండి నిలబెట్టి చేశాము.

అక్టోబరు: నింపుకోవడమా, మార్చుకోవడమా

బర్మింగ్‌హాంలో ఉంటున్న మా బావమరిది తన మోటార్‌హోంలో బంకు దగ్గర నింపుకునే గ్యాస్ సిలిండర్లు బిగించుకున్నాడు. "బావా, సిలిండర్లు మోసే బాధే లేదు, నువ్వు కూడా ఇదే పెట్టు" అని వీడియో కాల్‌లో చూపించినప్పటి నుంచి, ఆ పద్ధతిని ఇక్కడికి తేవడం కుదురుతుందా అన్నదే మొదట తేల్చుకోవలసిన విషయమైంది.

ఆ వ్యవస్థలో బండి పక్క రేకుకు మూత ఉన్న ఒక నింపుడు మూతి బిగిస్తారు. అక్కడి నుంచి స్టీలు అల్లిక ఉన్న పైపు సిలిండర్ మీది ప్రత్యేకమైన వాల్వుకు చేరుతుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకు నిండగానే ఫ్లోట్ వాల్వు నీటిని ఆపినట్టే, ఆ వాల్వు లోపలి ఫ్లోటు ద్రవం 80 శాతానికి రాగానే దారి మూసేస్తుంది. మిగిలిన 20 శాతం ఖాళీ వృథా కాదు. ఎల్పీజీ ద్రవరూపంలో ఉన్నప్పుడు వేడికి నీటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక, ఆ చోటు లేకపోతే ఎండలో నిలిచిన సిలిండర్ లోపల ద్రవానికి పెరగడానికి తావు ఉండదు, ఒత్తిడి ఒక్కసారిగా పైకి పోతుంది. అందుకే అక్కడ బంకుల్లో, ఈ వాల్వు లేని అద్దె సిలిండర్లను ఏదో ఒక అడాప్టరు పెట్టి నింపుకోవడాన్ని అనుమతించరు. దేశం మారితే బంకు తుపాకీ మూతి కూడా మారుతుంది: బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో బయొనెట్ రకం, ఫ్రాన్స్, ఇటలీలలో డిష్ రకం, జర్మనీ, బెల్జియంలలో ఆక్మే రకం వాడుకలో ఉన్నాయి. మా బావమరిది బండిలో ఒక చిన్న సంచీ నిండా ఈ అడాప్టర్లే ఉంటాయి.

మన దగ్గర పరిస్థితి వేరు. ఆటో ఎల్పీజీ బంకులు ఉన్నాయి, కానీ అక్కడ నింపవలసింది ఇంజిను ఇంధనం కోసం వాహనానికి స్థిరంగా బిగించిన, ఆమోదం పొందిన ట్యాంకులను మాత్రమే. వంట కోసం పెట్టుకున్న సిలిండర్‌ను అక్కడ నింపమని అడగడం నిబంధనలకు విరుద్ధం. సిలిండర్ల వ్యవహారమంతా 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల కింద, నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) పర్యవేక్షణలో నడుస్తుంది. మన వంట సిలిండర్‌కు 80 శాతం దగ్గర ఆపే వాల్వు ఉండదు, ఎందుకంటే దాన్ని బాట్లింగ్ ప్లాంటులో తూకం వేసి నింపుతారు. 14.2 కిలోల సిలిండర్‌లో 33.3 లీటర్ల నీరు పడుతుంది. కానీ అందులో పోసే గ్యాస్ ద్రవరూపంలో సుమారు 26 లీటర్లకు మించదు. అంటే ఖాళీ చోటు అక్కడా ఉంది, దాన్ని కాపాడేది మాత్రం వాల్వు కాదు, తూకం. పెద్ద సిలిండర్ బోర్లించి చిన్న సిలిండర్‌లోకి పైపుతో కిలోల లెక్కన నింపి ఇచ్చే దుకాణాల పని ప్రమాదకరం అయ్యేది ఇక్కడే. ఎంత పోశారో చూసే తూకం సరిగా ఉండదు, ఆపే వాల్వు అసలే ఉండదు, కారిన గ్యాస్ గది నేల మీద పరుచుకుంటుంది. పత్రికలు దీన్ని రీఫిల్లింగ్ దందా అని రాస్తాయి. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇక అవసరం సంగతి. ఐరోపా మోటార్‌హోంలో గ్యాస్ వంటకే కాదు, గది వేడి చేసే హీటరుకు, స్నానపు నీళ్లకు, చాలా బండ్లలో ఫ్రిజ్‌కు కూడా పని చేస్తుంది. చలికాలంలో హీటరు రాత్రంతా మండుతుంది కనుక అక్కడ సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది, నింపుకునే సౌకర్యానికి అర్థం ఉంటుంది. మా బండిలో ఫ్రిజ్ సోలార్ బ్యాటరీ మీద నడుస్తుంది, హీటరు అక్కరలేదు. గ్యాస్ పని అంతా ఛాయ, అన్నం, కూర, పొద్దున పూట ఉప్మా. ఒక కిలో ఎల్పీజీ నుంచి సుమారు 12.7 కిలోవాట్ గంటల వేడి వస్తుంది. 1.7 కిలోవాట్ల పొయ్యిని నిండు మంట మీద పెడితే గంటకు 134 గ్రాములు కాలుతుంది. అంటే 5 కిలోల సిలిండర్ నిండు మంట మీద 37 గంటలు వస్తుంది; రోజుకు రెండు గంటల చొప్పున వాడినా రెండు వారాలు దాటుతుంది. రెండు సిలిండర్లు ఉంటే నెలకు పైగా గడుస్తుంది. ఇంత తక్కువ వాడకానికి పక్క రేకు కోసి నింపుడు మూతి పెట్టడం నాకు అనవసరమైన ఆడంబరంగా కనిపించింది, నిబంధనల మాట పక్కన పెట్టినా సరే.

కాబట్టి నిర్ణయం ఇది: చిరునామా రుజువు లేకుండా బజారులో దొరికే 5 కిలోల సిలిండర్లు రెండు పెట్టుకోవడం. ఇండేన్ వారు 2020లో దీనికి ఛోటూ అని పేరు పెట్టారు. హెచ్‌పీ వారి సిలిండర్ పేరు అప్పు. కొన్ని పెట్రోలు బంకుల్లో, కిరాణా దుకాణాల్లో ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవచ్చు. ఇంటి కనెక్షన్ సిలిండర్‌ను బండిలో పెట్టకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. అది ఇంటి వంట కోసం ఇంటి చిరునామా మీద ఇచ్చినది. నింపుకునే పద్ధతి వదిలేసినా, దానితో పాటు ఐరోపా వాళ్లు పాటించే బిగింపు నియమాలు మాత్రం పూర్తిగా తీసుకున్నాము, ఎందుకంటే గ్యాస్ స్వభావం అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

నవంబరు: పెట్టె

సిలిండర్లు ఉండే ఈ పెట్టె మొత్తం పనిలో అసలు భాగం. సిలిండర్ వాల్వు లీకైనా, రెగ్యులేటర్ దగ్గర కారినా, ఆ గ్యాస్ మనుషులు పడుకునే చోటికి రాకుండా నేరుగా బండి కిందికి దిగిపోవాలి. ఎల్పీజీ గాలి కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అది పైకి లేచి కిటికీ గుండా పోదు. నేల మీద పరుచుకుని, పడక కిందా డ్రాయరు కిందా పల్లం చూసుకుని నిలుస్తుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ద్రవం ఆవిరైతే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది కనుక, ఒక గ్లాసు ద్రవం కారితే బండి నేలంతా నిండడానికి చాలు.

పెట్టె బండి వెనక ఎడమ మూలలో, బయటి నుంచి మాత్రమే తెరుచుకునేలా పెట్టాము. లోపలి కొలతలు 70 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 62 ఎత్తు. జీఐ రేకుతో చేసి, పడకల వైపు గోడల అతుకులన్నీ నిండుగా వెల్డు చేయించి, మీద సీలెంటు పూయించాము. పడకల వైపు ఒక్క రంధ్రం కూడా లేదు. వైరు కోసం సైతం లేదు. పెట్టెలో లైటు పెట్టమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు కానీ, స్విచ్చు నిప్పురవ్వ పుట్టే చోటు కనుక దాన్ని ఒప్పుకోలేదు. రాత్రి సిలిండర్ మార్చవలసి వస్తే చేతిలో టార్చిలైటు ఉంటుంది.

అడుగున గాలి రంధ్రం ఎంత ఉండాలన్నదానికి ఐరోపా ప్రమాణం ఈఎన్ 1949 స్పష్టంగా చెబుతుంది: అడుగున మాత్రమే రంధ్రం పెడితే, పెట్టె నేల వైశాల్యంలో కనీసం 2 శాతం, అది ఎంత చిన్నదైనా 100 చదరపు సెంటీమీటర్లకు తగ్గకూడదు. మా పెట్టె నేల 2,660 చదరపు సెంటీమీటర్లు. దానిలో 2 శాతం 53 మాత్రమే. కాబట్టి 100 తప్పదు. అయితే ఎలుకలు, కందిరీగలు దూరకుండా జాలీ వేయాలి, జాలీ తీగలు సగం దారిని మూసేస్తాయి. ఈ లెక్కన 10 సెంటీమీటర్ల చదరాలు రెండు కోయించాము. జాలీ వేశాక మిగిలే దారి 100 చదరపు సెంటీమీటర్లు. జాలీ మీద దుమ్ము పేరుకుంటే ఆ లెక్క కూడా తగ్గుతుంది, అందుకని జాలీని వెల్డు చేయకుండా మరలతో బిగించి, ఊడదీసి కడుగుకునే వీలు ఉంచాము.

ఆటోనగర్‌లో వెల్డింగు చేసే పెద్దమనిషికి ఈ రంధ్రాలు నచ్చలేదు.

"సార్, అడుగుల గింత పెద్ద బొక్కలు పెడ్తే వానకాలం బురదంత లోపల్కే కొడ్తది గదా. గ్యాస్ డబ్బాకు బొక్కలెందుకు, గట్టిగ మూసేద్దాం."

"అన్నా, డబ్బాను గట్టిగ మూస్తే కారిన గ్యాస్ అండ్లనే ఉంటది. మనకు కావల్సింది అది కిందికి పోవుడు."

ఆయన కాసేపు రేకు వైపు చూసి, చక్రం వైపు ఒక పలక అడ్డం పెడితే బురద ఆగుతుందనీ, పలక రంధ్రానికి నాలుగు వేళ్ల దూరంలో ఉంటే గాలికి అడ్డు రాదనీ తానే చెప్పారు. ఆ ఆలోచన నిజంగా మంచిది. వానాకాలం వచ్చాక తాడ్వాయి అడవి రోడ్ల మీద దాని విలువ తేలుతుంది. రంధ్రాలు పొగ గొట్టానికి ఎదురు వైపు ఉన్నాయి. గ్యాస్ దిగే చోటికి వేడి గొట్టం దగ్గరగా ఉండకూడదు కాబట్టి పెట్టె స్థానం నిర్ణయించేటప్పుడే ఈ దూరం చూసుకున్నాము.

సిలిండర్లు నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ఆవిరికి బదులు ద్రవం వస్తుంది. ఒక్కో సిలిండర్‌కు అడుగున యాంగిల్ ఇనుముతో చట్రం, నడుముకు ఒకటి, మెడకు ఒకటి చొప్పున లారీ తాళ్ల మాదిరి బిగించే పట్టీలు. వాటి కొనలను పెట్టె రేకుకు కాకుండా బండి ఛాసిస్‌కు బోల్టు చేయించాము, రేకును నమ్ముకుంటే గట్టి బ్రేకు పడినప్పుడు అది చిరుగుతుంది.

డిసెంబరు: పైపు

వాడుకలో ఉండేది ఒకే సిలిండర్. రెండోది మూత బిగించి పక్కన ఉంటుంది. రెండింటినీ కలిపి, ఒకటి అయిపోగానే రెండోదానికి తనంత తానే మారే వాల్వులు ఉన్నాయి కానీ, అతుకులు పెరిగిన కొద్దీ కారే చోట్లు కూడా పెరుగుతాయి. వంట మధ్యలో గ్యాస్ అయిపోతే దిగి మార్చడానికి ఐదు నిమిషాలు పడుతుంది, అంతే.

రెగ్యులేటర్ మన ఇళ్లలో వాడే 30 మిల్లీబార్ల రకమే. ఐరోపా మోటార్‌హోంలలో కూడా ఇప్పుడు 30 మిల్లీబార్లే వాడుతున్నారు. రెగ్యులేటర్ నుంచి పెట్టె గోడ వరకు స్టీలు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష పైపు, ఉన్నవాటిలో పొట్టిది. రబ్బరు పైపు పెట్టె దాటి బయటికి రాకూడదన్నది మేము పెట్టుకున్న నియమం. పాతబడే వస్తువు ఏదైనా కంటికి కనిపించే చోట, చేతికి అందే చోట ఉండాలి. పైపు మీద ముద్రించిన గడువు తేదీని పెట్టె తలుపు లోపల పెయింటుతో రాయించాము.

పెట్టె అడుగు నుంచి పొయ్యి వరకు రాగి పైపు. హనుమకొండలో ఏసీ విడిభాగాలు అమ్మే దుకాణంలో మూడు బై ఎనిమిది అంగుళాల మెత్తటి రాగి కాయిల్ తెచ్చాము. పైపు మొత్తం మూడున్నర మీటర్లు, మధ్యలో అతుకు లేని ఒకే ముక్క. బండి నేల కింద ఛాసిస్ లోపలి వైపు పట్టుకుని నడుస్తుంది. బ్రేకు గొట్టాలకూ సైలెన్సరుకూ దూరంగా, రాయి లేచి కొట్టినా తగలని ఎత్తులో ఉంది. అర మీటరుకు ఒక క్లాంపు, ప్రతి క్లాంపు కింద పాత ట్యూబు రబ్బరు ముక్క. మన రోడ్ల మీద రాగికి శత్రువు కంపనం. రేకును ఆనుకుని వదులుగా వేలాడే పైపు ఒక్క వేసవిలోనే అరిగి సన్నబడుతుంది. నేల రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ వేసి, పొయ్యి కింద చేతికి అందేలా ఒక బాల్ వాల్వు బిగించాము.

పైపు కొనలను ఏసీ మెకానిక్ చేత ఫ్లేర్ చేయించాము, అంటే అతుకు కోసం గరాటు మూతిలా వెడల్పు చేయించాము. అతను ఈ పని కళ్లు మూసుకుని చేయగలడు కానీ, పైపు కోసిన తరువాత లోపలి అంచుకు మిగిలే పదునైన రాగి పొరను గీకి తీయడం చాలామంది వదిలేసే మెట్టు. దగ్గర కూర్చుని చూశాను: కట్టరు చక్రం తిరిగిన చోట రాగి లోపలికి ముడుచుకుని సన్నని పెదవిలా మిగిలింది; రీమరు తిప్పి దాన్ని తీశాక, పొడి లోపల పడకుండా పైపును తలకిందులుగా పట్టి తట్టాడు. తరువాత నట్టు ముందుగా ఎక్కించి, కోన్‌ను నెమ్మదిగా తిప్పుతూ అంచును 45 డిగ్రీలకు విప్పార్చాడు. ఫ్లేర్ అతుకుకు టేపు చుట్టరు. లోహానికి లోహం ఆనడమే అక్కడ సీలు. పెట్టె గోడ దగ్గరి మరల అతుకుకు మాత్రం గ్యాస్‌కు పనికొచ్చే సీలెంటు వాడాము. మన ప్లంబర్లు నీళ్ల పైపులకు వాడే సఫేదా, నారను ఇక్కడికి రానివ్వలేదు.

పొయ్యి గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైజ్ ఉన్న రెండు బర్నర్ల హాబ్ కొన్నాము. మంట గాలికి ఆరిపోతే మంట వేడిని పసిగట్టే థర్మోకపుల్ చల్లబడి గ్యాస్ తనంత తానే ఆగుతుంది. మామూలు ఇంటి స్టవ్వుల్లో చాలావాటికి ఇది ఉండదు, బండిలో ఇది లేని పొయ్యి పెట్టకూడదన్నది నా అభిప్రాయం.

జనవరి: ఒత్తిడి పరీక్ష

గ్యాస్ ఎక్కించక ముందే గాలితో పరీక్షించాలి. ఈఎన్ 1949 ప్రకారం పైపులో 150 మిల్లీబార్ల గాలి నింపి ఐదు నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి. అంటే వాడుక ఒత్తిడికి ఐదు రెట్లు. ఇంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపే మీటరు ఇక్కడ తేలికగా దొరకదు. లారీ టైర్లకు వాడే గేజీలో ఈ 150 మిల్లీబార్లు ముల్లు కదిలేంత కూడా కాదు.

దీనికి మేస్త్రీలు గోడల మట్టం చూడడానికి వాడే పారదర్శకమైన లెవెల్ పైపు సరిపోయింది. నాలుగు మీటర్ల ముక్కను ఒక పొడవాటి చెక్క పలకకు యు ఆకారంలో మేకులతో నిలబెట్టి, సగం వరకు పసుపు కలిపిన నీళ్లు పోశాము. పసుపు వేస్తే మట్టం దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. రెండు వైపుల నీటి మట్టాల మధ్య ఒకటిన్నర మీటరు తేడా వస్తే అది 147 మిల్లీబార్లు. అటూ ఇటూగా అన్నట్టు కాకుండా, సెంటీమీటరు వరకు చదవగలిగే కొలత. రెగ్యులేటర్ తీసేసి, పొయ్యి కింది బాల్ వాల్వు మూసి, సురక్ష పైపు ఎక్కించే మూతికి టీ (T) ఆకారపు అతుకు ఒకటి కలిపి, ఒక కొమ్మకు లెవెల్ పైపు, రెండో కొమ్మకు చిన్న వాల్వు ద్వారా సైకిల్ పంపు పెట్టాము. పంపును మెల్లగా కొట్టాలి. గట్టిగా ఒక దెబ్బ వేస్తే పసుపు నీళ్లు పై నుంచి చిమ్ముతాయి.

ఈ పరీక్షలో మోసం చేసేది ఎండ. పైపులోని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, మా లెక్క ప్రకారం ఈ పైపుకు మట్టాల తేడా సుమారు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. కొద్దిగా కారుతున్న అతుకును ఉదయపు ఎండ కప్పిపుచ్చగలదు. మబ్బు పట్టి చల్లబడితే బాగున్న అతుకు కూడా కారుతున్నట్టు కనిపించగలదు. అందుకే సూర్యుడు రాక ముందు, బండి రాత్రంతా ఒకే చోట నిలిచి ఉన్న సమయంలో పరీక్ష పెట్టాము, పంపు కొట్టిన తరువాత కూడా గాలి సర్దుకోవడానికి కొంత సమయం ఇచ్చాకే గుర్తు గీశాము.

మొదటిసారి నీరు నిలవలేదు. గీత నుంచి కంటికి కనిపించేంత నెమ్మదిగా దిగుతూ వచ్చింది. సబ్బు నురుగు రాస్తే పెట్టె గోడ దగ్గర ఏమీ లేదు. పొయ్యి కింద బాల్ వాల్వుకు వచ్చే ఫ్లేర్ నట్టు వెనక మాత్రం ఆవగింజంత బుడగ ఒకటి ఉబ్బి, పగిలి, మళ్లీ అదే చోట ఉబ్బింది. నట్టును ఇంకా బిగించమని ఒకరు అన్నారు. మెకానిక్ ఒప్పుకోలేదు, నట్టు విప్పి ఫ్లేర్ అంచును వెలుతురుకు పట్టి చూపించాడు: వెంట్రుకంత గీత ఒకటి అంచు మీద అడ్డంగా ఉంది. బిగిస్తే ఈ రోజుకు ఆగుతుంది, నాలుగు గుంతల తరువాత మళ్లీ మొదలవుతుంది. అంగుళం మేర కోసేసి కొత్త ఫ్లేర్ తీశాడు. ఆ పైన మట్టం ఐదు నిమిషాలు కాదు, మేము ఛాయ తాగి వచ్చినా గీత మీదనే ఉంది. హోటళ్లకు గ్యాస్ పైపులైన్లు వేసే ఒక ఫిట్టర్‌ను పిలిపించి, అన్ని అతుకులూ మళ్లీ చూపించి, ఆయన సరేనన్న తరువాతనే సిలిండర్ తెచ్చాము.

సిలిండర్ తెచ్చుకునేటప్పుడు దుకాణంలోనే చూడవలసినవి ఉన్నాయి. పిడిని మోసే పలకల లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి వరకు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు, అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండర్ మళ్లీ పరీక్షకు పోవలసినది. ఖాళీ బరువు కూడా దాని మీదే రాసి ఉంటుంది, దానికి 5 కిలోలు కలిపి తూకంలో సరిచూసుకోవచ్చు. సీలు తీసిన తరువాత వాల్వు నోట్లో నల్లటి రబ్బరు ఓ రింగు ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఎంత మంచి రెగ్యులేటర్ పెట్టినా గ్యాస్ బుసకొడుతుంది.

ఫిబ్రవరి: చలి, గాలి, అలారం

ఆదిలాబాద్ వైపు వెళ్లి కుంటాల దగ్గర, కెరమెరి ఘాటు మీద వంట చేసి చూశాము. మన ఎల్పీజీ బ్యూటేన్, ప్రొపేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్దనే మరుగుతుంది కానీ, బ్యూటేన్‌కు సున్నా దగ్గర వరకు రావాలి. అందుకే చలిలో సిలిండర్ ఒత్తిడి తగ్గుతుంది, చిన్న సిలిండర్‌లో చివరి కిలో ఇంకా నెమ్మదిస్తుంది. ఆదిలాబాద్ తెల్లవారుజామున స్వెట్టరు లేకుండా నిలబడలేని చలిలో కూడా రెండు బర్నర్లూ నీలం మంటతోనే మండాయి. మంచు దేశాల్లో ప్రొపేన్ మాత్రమే వాడవలసి రావడానికి కారణం ఉంది. మన చలికి ఆ అవసరం లేదు.

కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. చలి అని కిటికీలన్నీ మూసి వంట చేస్తే కార్బన్ మోనాక్సైడ్ పుట్టే ప్రమాదం ఉంది, దానికి వాసన ఉండదు. పై కప్పులో మూయడానికి వీలు లేని గాలి గూడు ఒకటి, తలుపు కింది భాగంలో జాలీ ఒకటి ఉంచాము. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక ఎత్తులో, ఎల్పీజీ అలారం నేలకు జానెడు ఎత్తులో. ఈ రెండింటి స్థానాలు తారుమారు చేస్తే రెండూ పనికిరావు. ఎల్పీజీ అలారానికి గ్యాస్ అంటేనే కాదు, శానిటైజర్ అన్నా పడదు; చేతులు తుడుచుకున్న ప్రతిసారీ మా పిల్లలు దాన్ని అరిపించి నవ్వుకుంటున్నారు. బండి నడిచేటప్పుడు రెగ్యులేటర్ స్విచ్చు మూసే ఉండాలి, డ్రైవరు తలుపు మీద ఆ మాట రాసి అతికించాము. తలుపు పక్కన 2 కిలోల ఏబీసీ పౌడరు మంట ఆర్పే సిలిండర్ ఉంది.

మే: ఎండ

రామగుండం వైపు వెళ్లి, మధ్యాహ్నం బండి ఎండలో నిలిచిన చోట పెట్టె లోపల థర్మామీటరు పెట్టి చూశాము. 49 డిగ్రీలు చూపించింది. బయటి రేకుకు తెల్ల రంగు వేయక ముందు ఇంతకన్నా ఎక్కువే ఉండేదని అనుకుంటున్నాను. మన ఎల్పీజీకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 4576, మిశ్రమం ఒత్తిడి ఎంత మించకూడదో ఒక హద్దు పెట్టింది. సిలిండర్‌ను పరీక్షించేది చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి వద్ద. సరిగా తూకం వేసి నింపిన సిలిండర్‌కు ఈ ఎండ ప్రమాదం కాదు. అయినా పెట్టె పై రేకు మీద అంగుళం గాలి సందుతో రెండో రేకు ఒకటి నీడగా బిగించాము, దానితో అదే సమయానికి నాలుగు డిగ్రీలు తగ్గింది.

సురక్ష పైపు క్లిప్పులు రెండూ మళ్లీ అర తిప్పు బిగించవలసి వచ్చింది, రాగి క్లాంపులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. జాలీ మీద మట్టి పొర కట్టింది, కడిగాము.

ఇక మిగిలినవి రెండు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి మార్పులకు రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు పూర్తి కావాలి. గ్యాస్ పెట్టె కొలతలు, పైపు దారి గీసిన పటం ఆ దరఖాస్తుతో జత చేస్తున్నాము. రెండోది వర్షాకాలం లోపు, బురద ఆపే పలక వెనక వైపు కూడా ఒక చిన్న అడ్డు వెల్డు చేయించడం, దానికి ఆటోనగర్ పెద్దమనిషి వచ్చే వారం రమ్మన్నారు.